ఎల్బే ఇసుకరాయి స్తంభాలు: చాక్ లేకుండా, ఇనుము లేకుండా ఎందుకు ఎక్కుతారు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "డ్రెస్డెన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడికి రాకముందు భువనగిరిలో రాక్ క్లైంబింగ్ బేసిక్ కోర్సు చేశాను. ఇక్కడ ఇండోర్ హాల్లో, కష్టాన్ని కొలిచే ఫ్రెంచ్ గ్రేడుల్లో 6బి దాకా లీడ్ చేస్తున్నాను, అంటే తాడును నేనే క్లిప్ చేసుకుంటూ ముందు ఎక్కుతున్నాను. ఎల్బే నది ఒడ్డున ఇసుకరాయి స్తంభాలుండే సాక్సన్ స్విట్జర్లాండ్‌కి వెళ్దామంటే చేతులకు రాసుకునే చాక్ పొడి వాడకూడదు, పగుళ్లలో ఇరికించే కామ్‌లు, నట్‌ల వంటి లోహపు పరికరాలు పెట్టకూడదు, తాడు ముడులే రక్షణ, బోల్టుల మధ్య దూరం భయంకరంగా ఉంటుంది అంటున్నారు. ఈ రోజుల్లో కూడా ఇంత పట్టుదల ఎందుకు? ఇది ధైర్యం చూపించుకోవడమేనా? నాలాంటివాళ్లు అక్కడ ఎక్కొచ్చా?"

తప్పకుండా ఎక్కొచ్చు. కానీ మొదటి సీజన్ అంతా ఇక్కడి రాయి తెలిసినవాళ్ల వెనక సెకండ్‌గా, అంటే ముందు ఎక్కినవాళ్లు పై నుంచి పట్టిన తాడుతో, ఎక్కండి. హాల్లో మీరు ఏ గ్రేడు లీడ్ చేస్తున్నారన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ఎందుకో చెప్పాలంటే మీ మొదటి ప్రశ్నకు, అంటే ఈ నియమాలు ఎందుకున్నాయి అన్నదానికి, ముందు జవాబివ్వాలి. డ్రెస్డెన్‌లో స్థిరపడ్డాక ఇక్కడి వాళ్లతోనే ఎక్కడం నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకెళ్తుంటాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదట రాయి గురించి. మీరు భువనగిరిలో పట్టుకున్నది గ్రానైటు. దక్కన్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గట్టిది, స్ఫటికాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి. వాన పడి ఎండాక మళ్లీ మామూలే. ఎల్బే ఒడ్డున ఉన్నది దాదాపు 9 నుంచి 10 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న ఇసుక. నది, మంచు, వాన కలిసి ఆ పొరల్ని నిలువుగా కోసి, విడివిడి స్తంభాలుగా నిలబెట్టాయి. రాయి పైపొర కాస్త గట్టిగా ఉంటుంది, లోపల మెత్తన. ఆ పైపొర ఊడిపోతే లోపలి ఇసుక చేతికి రాలుతుంది. తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. తడి రాయి ఎక్కకూడదు అన్నది ఇక్కడ రాతపూర్వక నియమం. మీ సరదా కోసం ఎవరో వందేళ్ల కిందట కాలు మోపిన చిన్న అంచును విరగ్గొడితే అది మళ్లీ రాదు. ఆ దారి ఇంకెప్పటికీ మునుపటిలా ఉండదు.

దీన్ని మనసులో పెట్టుకుని మిగతా నియమాలు చూడండి, అన్నీ వరసగా అర్థమవుతాయి. కామ్ అనేది పగులులో విచ్చుకుని రెండు గోడలనూ బయటికి నెట్టే పరికరం. మీరు పడినప్పుడు ఆ ఒత్తిడి అంతా మెత్తటి అంచుల మీద పడుతుంది. గ్రానైటులో అది నిలుస్తుంది. ఇక్కడైతే అంచు పగలొచ్చు, పగిలితే కామూ ఊడిపోతుంది, దారీ పాడవుతుంది. మీ ప్రాణానికీ రాయికీ రెండింటికీ నష్టమే. చాక్ తెల్లటి మచ్చలు వదులుతుంది. అదీకాక చేతి చెమటతో కలిసి ఇసుకరాయి పైపొర మీద పేరుకుపోతుంది, తర్వాత వచ్చేవాళ్లకు ఆ పట్టు జారుతుంది. పై నుంచి తాడు వేసి పదేపదే ఒకే దారిలో ఎక్కితే తాడు రాయిని కోస్తుంది. ఇక్కడి పాత స్తంభాల మీద తాళ్లు కోసిన గాడులు కళ్లారా చూడొచ్చు, వేలు పట్టేంత లోతువి ఉన్నాయి. అందుకే టాప్‌రోప్‌కి కూడా ఒప్పుకోరు.

ఎక్కడానికి అనుమతి ఉన్నది విడిగా నిలబడ్డ శిఖరాలకు మాత్రమే. కొండ అంచుల్లో పొడవుగా సాగే గోడల మీద ఎక్కకూడదు. కనీసం 10 మీటర్ల ఎత్తుండి, నడుచుకుంటూ పైకి చేరుకోలేని స్తంభమైతేనే శిఖరం కింద లెక్క. అలాంటివి ఈ ప్రాంతంలో సుమారు 1,100 ఉన్నాయి. కింద నేల నుంచి మొదలుపెట్టి పై దాకా వెళ్లాలి. మధ్యలో తాడును, రాతిలో బిగించిన ఉక్కు రింగును, స్లింగును (తాడుతో కట్టిన ఉచ్చును) చేత్తో పట్టుకుని పైకి లాక్కోకూడదు. వాటిని రక్షణకు వాడొచ్చు, ఎక్కడానికి వాడకూడదు. ఈ ఒక్క తేడా మీదే ఇక్కడి సంప్రదాయమంతా నిలబడింది.

ఈ తేడాను ఎప్పుడు, ఎవరు తెచ్చారు? ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పక తప్పదు, ఎందుకంటే ప్రపంచమంతా ఇప్పుడు 'ఫ్రీ క్లైంబింగ్' అంటున్న పద్ధతికి ఈ లోయ ఒక పుట్టిల్లు. 1864లో బాడ్ షాందావ్‌కి చెందిన వ్యాయామశాల కుర్రాళ్లు ఫాల్కెన్‌స్టైన్ అనే పెద్ద స్తంభం ఎక్కారు. దాన్నే ఇక్కడ క్లైంబింగ్‌కి మొదలుగా చెప్తారు. వాళ్లు నిచ్చెనల్లాంటి సాయం తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1874లో, రాతెన్ దగ్గర మ్యోంచ్‌స్టైన్‌ని ఇద్దరు మనుషులు అలాంటి కృత్రిమ సాయం ఏదీ లేకుండా ఎక్కారు. 1890ల్లో ఓస్కర్ షూస్టర్ అనే డ్రెస్డెన్ కుర్రాడు వచ్చాక ఇది ఒక ఉద్యమంలా మారింది. ఫాల్కెన్‌స్టైన్ మీద 1892లో అతను వేసిన దారి ఇప్పటికీ అతని పేరుతోనే ఉంది. గ్రేడు మూడే. వారాంతాల్లో కుటుంబాలు సైతం ఎక్కుతుంటాయి. అయినా తేలిగ్గా తీసుకోకండి, చిమ్నీలు (మనిషి దూరేంత నిలువు చీలికలు), నున్నబడ్డ పట్లు కలిసి హాల్ క్లైంబర్లకు బాగానే పరీక్ష పెడుతుంది.

ఆ తర్వాత ఇద్దరు మిత్రులు. ఒకడు రుడాల్ఫ్ ఫేర్మాన్, న్యాయవాది. రెండోవాడు ఆలివర్ పెర్రీ స్మిత్, ఫిలడెల్ఫియా నుంచి 1902లో డ్రెస్డెన్ వచ్చిన అమెరికన్. వీళ్లిద్దరూ కలిసి 1905లో ఫాఫెన్‌స్టైన్ కొండ పక్కన సన్నటి సూదిలా నిలబడ్డ బార్బరీన ఎక్కారు. మరుసటి ఏడాది, 1906లో, పెర్రీ స్మిత్ టాయ్‌ఫెల్స్‌టుర్మ్ ఎక్కాడు. ఆ స్తంభం కింద నిలబడి పైకి చూసిన ప్రతిసారీ, అప్పటి జనపనార తాళ్లతో, దాదాపు రక్షణ ఏమీ లేకుండా ఒక మనిషి అక్కడికి ఎలా వెళ్లగలిగాడా అని నాకు ఆశ్చర్యమే. ఫేర్మాన్ 1908లో ఈ ప్రాంతానికి క్లైంబింగ్ గైడ్ ప్రచురించాడు. 1913 నాటి అనుబంధంలో నియమాలను స్పష్టంగా రాశాడు. రాయిని మార్చకూడదు, కృత్రిమ సాయంతో ఎక్కకూడదు అన్న మాట అప్పటి నుంచి ఇక్కడ చెల్లుబాటవుతోంది. ఆ నియమాల సారం ఇప్పటికీ అదే.

ఫేర్మాన్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అతను తర్వాత నాజీ పార్టీలో చేరాడు. ఈ లోయ చరిత్రను పూలదండలా మాత్రమే చెప్పేవాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. అదే కాలంలో ఇక్కడి కార్మిక క్లైంబర్లు, 'ఎర్ర పర్వతారోహకులు' అని పేరుపడ్డవాళ్లు, రాళ్ల మధ్య దారులు తమకు బాగా తెలుసు కాబట్టి చెక్ సరిహద్దు దాటి కరపత్రాలు తెచ్చారు, తరుముతున్నవాళ్లను దాటించారు. వాళ్లలో కుర్ట్ ష్లోసర్ అనే ఆయన క్లైంబర్ల గాయక బృందానికి చెందినవాడు. 1944లో డ్రెస్డెన్‌లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. ఒకే స్తంభాలు, ఒకే నియమాలు, వాటి మీద ఎక్కినవాళ్లు మాత్రం రెండు రకాలు. అందుకే "సంప్రదాయం" అన్న ఒక్క మాటతో ఎవరైనా మీ నోరు మూయించబోతే ఒప్పుకోవద్దు. ఇక్కడి నియమాలు పాతవి కాబట్టి గొప్పవి కాలేదు. రాయికి సరిపోతున్నాయి కాబట్టి నిలిచాయి.

ఇక రింగుల సంగతి. మీరు భయంకరం అన్నది వీటి మధ్య దూరాన్నే. దారిని మొట్టమొదట ఎక్కినవాళ్లు మాత్రమే రింగ్ పెట్టగలరు, అది కూడా కింద నుంచి ఎక్కుతూ. స్పోర్ట్ క్లైంబింగ్‌లోలా పై నుంచి తాడు మీద దిగి, డ్రిల్లింగ్ మెషిన్‌తో బోల్టులు కొట్టుకుంటూ పోవడం ఉండదు. ఇక్కడ మొదట ఎక్కేవాడు ఒక కాలి అంచు మీద నిలబడో, ఒక స్లింగుకు వేలాడుతూనో, ఒక చేత్తో డ్రిల్ పట్టుకుని రెండో చేత్తో సుత్తి కొడుతూ రాతిలో లోతుగా రంధ్రం చేయాలి. ఆ రంధ్రంలో సీసంతోనో సిమెంటుతోనో వేలి లావు కన్నా ఎక్కువ ఉన్న ఉక్కు రింగు బిగించాలి. చాలాసేపు పడుతుంది, కాళ్లు వణుకుతుంటాయి. కాబట్టి నిలబడగలిగిన చోటే రింగు వస్తుంది. నిలబడలేని చోట రాదు. ఎక్కడ నిలబడలేమో అక్కడే కష్టమైన కదలికలు ఉంటాయి. అందుకే చాలా దారుల్లో మొదటి రింగు పది మీటర్ల పైన ఉంటుంది, రెండోది ఇంకెక్కడో ఉంటుంది.

తర్వాత ఎక్కేవాళ్లు ఇంకో రింగు చేర్చకూడదు. మొదటివాడు అంత ధైర్యంతో వెళ్లాడు కాబట్టి, వెనక వచ్చేవాళ్లు ఆ నిర్ణయాన్ని మన్నించాలి. ఎక్కలేకపోతే ఇంకో దారికి వెళ్లాలి, లేదా ఎక్కగలిగిన రోజు వచ్చేదాకా ఆగాలి. మరీ ప్రమాదకరమైన చోట్ల సాక్సన్ క్లైంబర్ల సంఘం కమిటీ చర్చించి, తర్వాత ఒక రింగు చేర్చడానికి అనుమతించిన సందర్భాలు ఉన్నాయి. తుప్పు పట్టిన పాత రింగులను మార్చే పనీ ఆ సంఘానిదే. 1911లో పుట్టిన సంఘం అది, 1945లో రద్దయి, 1989లో తూర్పు జర్మనీ చివరి రోజుల్లో మళ్లీ మొదలైంది. రింగు చేర్చాలా వద్దా అన్న చర్చలు ఇక్కడ చాలా వేడిగా ఉంటాయి. నా అభిప్రాయం అడిగితే, తేలిక గ్రేడు దారుల్లో, కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చే చోట, నేల మీద పడే ప్రమాదం ఉంటే ఒక రింగు చేర్చడం న్యాయమే. కష్టమైన దారుల్లో మాత్రం ముట్టుకోకూడదు. ఆ ధైర్యమే ఆ దారి స్వరూపం. రింగు చేర్చితే ఆ దారి పేరు మాత్రమే మిగులుతుంది.

రింగుల మధ్య రక్షణ ముడులదే. దీన్ని దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీరు నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. నడుముకు పది, పదిహేను స్లింగులు వేలాడుతుంటాయి. చిటికెన వేలంత సన్నటి తాడు నుంచి బొటనవేలి కన్నా లావుపాటి తాడు దాకా రకరకాల మందం. ఒక్కో స్లింగులో ఒక్కో పరిమాణం ముడి. పగులు దగ్గరికి చేరాక ఒక చెయ్యి, రెండు కాళ్లు రాతిని పట్టుకుని ఉండగా, రెండో చేత్తో సరిపోయే ముడి వెతుక్కోవాలి. పగులు లోపల ఎక్కడో సీసా మెడలా సన్నబడే చోటు ఉంటుంది. ముడిని దానికి పైన, వెడల్పుగా ఉన్న చోట లోపలికి దూర్చి, కిందికి లాగి ఇరికించాలి. వేళ్లు అందకపోతే మెడలో వేలాడే చిన్న చెక్కముక్కతో నెట్టాలి. ఇరికాక గట్టిగా ఒకసారి కిందికి గుంజి చూడాలి. ఇసుక రేణువులు రాలి ముఖం మీద పడతాయి, ముడి కొంచెం దిగి బిగుసుకుంటుంది, ఆగుతుంది. అప్పుడు తాడు క్లిప్ చేసి ముందుకి కదలాలి. మీరు పైకి వెళ్తున్నప్పుడు తాడు పక్కకో పైకో లాగితే అదే ముడి ఊడి కిందికి జారిపోవచ్చు. అందుకే పొడవాటి స్లింగు వేస్తారు. చాలాసార్లు వెనక్కి చూస్తే మీరు పెట్టినది మీ తాడు మీదే జారుకుంటూ కింద తాడు పట్టి కాపాడే మీ బిలేయర్ దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది.

ఇంకో రకం ఉంది, నాకు చాలా ఇష్టం. ఇసుకరాయిలో గాలి, నీరు తొలిచిన చిన్న బొరియలు పక్కపక్కనే ఉండి వెనకాల కలిసిపోతాయి. మధ్యలో ఒక రాతి స్తంభం మిగులుతుంది. ఆ స్తంభం చుట్టూ సన్నటి స్లింగు తిప్పి కడితే మంచి రక్షణ. లావుగా ఉన్నది కారును కూడా ఆపుతుంది. పెన్సిలంత సన్నగా ఉన్నది మనసుకు ధైర్యం తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఏది ఏదో చెప్పగలగడం పుస్తకంలో రాదు. తట్టి వినాలి. బోలుగా మోగితే నమ్మకండి. సెకండ్‌గా వెళ్లమని నేను పట్టుబట్టేది ఇందుకే. ముందు వెళ్లినవాళ్లు పెట్టిన ప్రతి ముడినీ మీరు ఊడదీస్తారు. ఏది గట్టిగా ఉందో, ఏది ముట్టుకోగానే ఊడొచ్చిందో మీ వేళ్లకు తెలుస్తుంది. ఒక సీజన్ ఆ పని చేశాక మీరు పెట్టే ముడికీ, యూట్యూబ్ చూసి పెట్టే ముడికీ చాలా తేడా ఉంటుంది.

గ్రేడుల గురించి ఒక హెచ్చరిక. ఇక్కడి గ్రేడులు రోమన్ అంకెల్లో రాస్తారు, ఏడు నుంచి ఎ, బి, సి అని విడగొడతారు. సాక్సన్ 8ఎ అన్నది సుమారుగా ఫ్రెంచ్ 6ఎ చుట్టుపక్కల ఉంటుంది. ఇది చూసి, హాల్లో 6బి లీడ్ చేస్తున్నాను కాబట్టి ఇక్కడ 8ఎ మొదలుపెడతాను అనుకుంటే పొరపాటు. గ్రేడు చెప్పేది కదలికల కష్టమే, పడితే ఎక్కడికి పడతారో అది చెప్పదు. అదీకాక చాలా దారులు వెడల్పు పగుళ్లు, చిమ్నీలు. భుజం, మోకాలు, పిడికిలి ఇరికించి ఎక్కాల్సినవి. హాల్లో అలాంటివి దాదాపు ఉండవు. లీడ్ మొదలుపెట్టినప్పుడు మూడు, నాలుగు గ్రేడుల పాత దారులతో మొదలుపెట్టండి. ప్రతి స్తంభానికీ 'ఆల్టర్ వేగ్' అని ఒకటి ఉంటుంది, అంటే మొట్టమొదట శిఖరం చేరిన దారి, చాలాసార్లు అదే తేలికది. 1918లో ఎమానుయేల్ స్ట్రూబిష్ విల్డర్ కోఫ్ పడమటి అంచు మీద ఎనిమిదో గ్రేడు దారి ఎక్కాడు. అప్పటికి ప్రపంచంలోనే కష్టమైన దారుల్లో అదొకటి. దాన్ని ఇప్పుడు హాల్లోని సంఖ్యతో పోల్చి "ఇంతేనా" అనే కుర్రాళ్లను చూశాను. దాని కింద నిలబెట్టాక ఆ మాట మళ్లీ అనరు.

ఇక్కడి నుంచి బయటి ప్రపంచానికి వెళ్లింది చాలా ఉంది. డ్రెస్డెన్‌లో పుట్టిన ఫ్రిట్స్ వీస్నర్ ఈ స్తంభాల మీదే నేర్చుకుని 1929లో అమెరికా వెళ్లాడు. 1937లో వ్యోమింగ్‌లోని డెవిల్స్ టవర్‌ని కృత్రిమ సాయం లేకుండా ఎక్కిన మొదటి జట్టుకు అతనే నాయకుడు. 1939లో కే2 మీద పసాంగ్ దావా లామాతో కలిసి, బాటిల్ ఆక్సిజన్ లేకుండా, శిఖరానికి సుమారు 230 మీటర్ల దూరం దాకా వెళ్లాడు. ఆ శిఖరాన్ని ఎవరైనా ఎక్కింది 1954లో. బెర్లిన్ గోడ లేచాక తూర్పు జర్మనీ వాళ్లకు ఆల్ప్స్ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఈ స్తంభాలే. ఆ మూసుకుపోయిన కాలంలోనే ఇక్కడి స్థాయి విపరీతంగా పెరిగింది. హోన్‌స్టైన్ ఊళ్లో ముద్రణ పని చేసే బెర్న్డ్ ఆర్నాల్డ్ వందల కొత్త దారులు వేశాడు, చాలా వాటిని చెప్పులు కూడా లేని కాళ్లతో ఎక్కాడు. 1976లో అమెరికా నుంచి హెన్రీ బార్బర్ వచ్చి ఇక్కడివాళ్లతో ఎక్కాడు. అప్పటి ప్రపంచంలోని మేటి ఫ్రీ క్లైంబర్లలో ఒకడైన అతను ఇనుప తెర వెనక ఇంత స్థాయి ఉందని స్వయంగా చూసి వెళ్లాడు.

ఇంకొకరు కుర్ట్ ఆల్బర్ట్. పశ్చిమ జర్మనీలోని ఫ్రాంకెన్‌యూరా కుర్రాడు. 1970ల తొలి ఏళ్లలో ఇక్కడికొచ్చి, రింగును పట్టుకోకుండా ఎక్కే పద్ధతి చూశాడు. తిరిగి వెళ్లాక తమ ఊరి మేకులు పట్టుకుని ఎక్కే దారులనే, మేకులు ముట్టుకోకుండా ఎక్కడం మొదలుపెట్టాడు. అలా పూర్తిచేసిన దారి కింద 1975 నుంచి ఎర్ర చుక్క పెట్టసాగాడు. ఇవాళ మీ హాల్లో "రెడ్‌పాయింట్ చేశాను" అంటారే, ఆ మాట ఆ చుక్క నుంచే వచ్చింది. మీరు హాల్లో పాటిస్తున్న నియమానికి వేరు మీరు చదువుకుంటున్న ఊరి పక్కనే ఉంది. గోడ కూలాక, 1991లో ఆర్నాల్డ్, ఆల్బర్ట్, వోల్ఫ్‌గాంగ్ గ్యుల్లిష్ ఒకే జట్టుగా దక్షిణ అమెరికాలోని పటగోనియాలో, టోరెస్ డెల్ పైనే అనే శిఖరాల్లోని సెంట్రల్ టవర్ తూర్పు ముఖం మీద కొత్త దారి వేశారు.

"ధైర్యం చూపించుకోవడమేనా" అన్న మీ మాటకు వస్తాను. అలాంటివాళ్లు లేరని అనను, ప్రతి చోటా ఉంటారు. కానీ ఇక్కడ నాకు తెలిసిన గట్టి క్లైంబర్లు చాలామంది వెనక్కి తిరగడంలో కూడా గట్టివాళ్లే. కింద నిలబడి చాలాసేపు చూస్తారు. ముడి ఎక్కడ పడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చు, ఎక్కడి దాకా వెళ్తే తిరిగి దిగిరాలేము అని లెక్కవేస్తారు. "ఇవాళ కాదు" అని బూట్లు విప్పేసుకుని, అదే రోజు ఇంకొకరి దారికి బిలే పట్టడంలో వాళ్లకు ఏ నామోషీ ఉండదు. ఇంకో సంగతి, కష్టమైన చోట ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి పైకి చేరడం ఇక్కడ పాత ఆచారం, నియమాలు ఒప్పుకుంటాయి. గైడ్ పుస్తకంలో ఆ దారికి సాయంతో ఒక గ్రేడు, సాయం లేకుండా ఒక గ్రేడు వేస్తారు. మనిషి మనిషికి భుజం ఇవ్వొచ్చు, ఇనుము మాత్రం వద్దు అన్న సంప్రదాయాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. పక్క స్తంభం మీద నుంచి దూకి చేరే దారులు కూడా ఉన్నాయి, వాటికి విడిగా గ్రేడులు ఉంటాయి. అవి మీకిప్పుడే వద్దు.

పైకి చేరాక ఏం చేయాలో కూడా చెప్తాను, తెలియకపోతే ఇబ్బందిగా ఉంటుంది. జట్టులో ప్రతి ఒక్కరితో చెయ్యి కలిపి "బెర్గ్ హైల్" అంటారు. శిఖరం మీద లోహపు పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. తేదీ, ఏ దారిలో ఎక్కారు, జట్టులో ఎవరెవరు ఉన్నారు రాయాలి. ముందు లీడ్ చేసినవాళ్ల పేరు. చదువుతుంటే కొన్ని స్తంభాల మీద ఏళ్ల తరబడి పదుల సంఖ్యలోనే పేర్లు కనిపిస్తాయి. దయచేసి అందులో బొమ్మలు, వ్యాఖ్యలు రాయకండి, సెల్ఫీ కోసం చింపకండి. నవంబరులో, చనిపోయినవారిని తలచుకునే ఆదివారం నాడు, హోహె లీబె అనే కొండ మీది స్మారకం దగ్గరికి క్లైంబర్లు నడిచి వెళ్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన క్లైంబర్ల కోసం కట్టిన స్మారకం అది. వీలైతే ఒకసారి వెళ్లండి. గాయక బృందం పాడుతుంది. ఈ సమాజం ఎలాంటిదో ఒక్కరోజులో అర్థమవుతుంది.

ఇక మీ పనికొచ్చే విషయాలు. డ్రెస్డెన్ నుంచి ఎస్-1 లోకల్ ట్రైన్ నది పక్కనే వెళ్తుంది. రాతెన్, బాడ్ షాందావ్, ష్మిల్కా, అన్నీ దాని దారిలోనే. రాతెన్‌లో దిగితే తాడుకు కట్టిన పడవలో ఎల్బే దాటాలి. కొత్తవాళ్లను నేను ఎక్కువగా బీలాటాల్ తీసుకెళ్తాను. స్తంభాలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి, తేలిక దారులు చాలా ఉన్నాయి, కానీ అక్కడికి బస్సో కారో కావాలి. ష్రామ్‌స్టైన్, ఆఫెన్‌స్టైన్ అద్భుతంగా ఉంటాయి, కాకపోతే పొడవాటి దారులు. వాటిని రెండో సీజన్‌కి ఉంచుకోండి. రాతెన్ వైపు రాయి చాలా చోట్ల మెత్తన, ఇసుక ఎక్కువ.

1990 నుంచి ఇందులో పెద్ద భాగం నేషనల్ పార్క్. ముఖ్య మండలంలో తెల్లటి గుర్తు మీద నల్లటి బాణం ఉన్న కాలిబాటలే క్లైంబర్లవి. ఇంకో చోట నుంచి అడ్డంగా నడవకండి, నేల కూడా ఇసుకే, ఒక్క సీజన్‌లో కోసుకుపోతుంది. డేగలు, గుడ్లగూబలు, నల్ల కొంగలు గూళ్లు పెట్టుకునే నెలల్లో కొన్ని స్తంభాలు మూసేస్తారు. వెళ్లే ముందు రోజు పార్క్ ప్రకటన చూసుకోండి. రాతి చూరుల కింద రాత్రి పడుకోవడం ఇక్కడి క్లైంబర్లకు పాత అలవాటు. ఇప్పుడది గుర్తించిన చోట్ల మాత్రమే, అది కూడా వసంతంలో కొన్ని నెలలు నిషేధం. మంట ఎక్కడా వేయకూడదు. 2022 వేసవిలో చెక్ వైపు మొదలైన కార్చిచ్చు ఇటు కూడా పాకి అడవి ఎంత కాలిందో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజుల్లో డ్రెస్డెన్ దాకా పొగ వాసన వచ్చింది. బార్బరీన ఎక్కాలని మాత్రం ఆశపడకండి. రాయి అరిగిపోతోందని 1975లోనే దాన్ని మూసేశారు. కింద నుంచి చూడ్డానికి ఫాఫెన్‌స్టైన్ నడక చాలా బాగుంటుంది.

మీరు కొనాల్సినవి పెద్దగా లేవు. హార్నెస్, బూట్లు మీ దగ్గర ఉన్నాయి. మూడు, నాలుగు మందాల్లో స్లింగులు కొనుక్కుని ఇంట్లోనే ముడులు వేసుకోవచ్చు, కుట్టిన టేపు పొరలతో చేసినవి దుకాణాల్లో కూడా దొరుకుతాయి. మొదటి సీజన్‌లో అవి కూడా ముందెక్కేవాళ్లవే వాడండి. ఒక చిన్న గుడ్డ ముక్క పట్టుకెళ్లండి. ఎక్కే ముందు బూటు అడుగు తుడుచుకోవాలి, అంటుకున్న ఇసుక రాతిని గరుకు కాగితంలా అరగదీస్తుంది. చాక్ సంచి ఇంట్లోనే వదిలేయండి. చెమట పడితే నీడలో ఉన్న ముఖం ఎంచుకోండి, లేదా ఉదయాన్నే వెళ్లండి. వాన పడితే కనీసం ఒకటి రెండు రోజులు ఆగండి. చెట్ల నీడలో, లోయల్లో ఉన్నవాటికి ఇంకా ఎక్కువ పడుతుంది. కాలి కింద నేల తడిగా ఉంటే, పైన రాయి ఎంత పొడిగా కనిపించినా ఆ రోజు నడకకు వెళ్లండి.

ఎవరితో వెళ్లాలి అంటే, సాక్సన్ క్లైంబర్ల సంఘంలో సభ్యత్వం తీసుకోండి. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌కి అది ఒక శాఖ కాబట్టి రెస్క్యూ ఇన్సూరెన్స్ కూడా దానితోపాటే వస్తుంది, విదేశీ విద్యార్థులకు అది చాలా ముఖ్యం. వాళ్లు ముడులు నేర్పే కోర్సులు పెడతారు. జర్మన్ అంతంతమాత్రమే అని సంకోచించకండి. తాడు కొసన ఉన్నప్పుడు కావాల్సిన మాటలు గుప్పెడు, ఒక్క రోజులో వచ్చేస్తాయి. ముసలివాళ్లతో ఎక్కే అవకాశం వస్తే అసలు వదులుకోవద్దు. డెబ్బై దాటినవాళ్లు ఐదో గ్రేడు చిమ్నీలు ఎంత తాపీగా ఎక్కుతారో చూస్తే, హాల్లో నేర్చుకున్నదానికి ఎంత అదనంగా నేర్చుకోవాలో తెలుస్తుంది.

వాళ్ల దగ్గర ఒక్క విషయం మాత్రం నేర్చుకోవద్దు. పాతతరం వాళ్లు చాలామంది హెల్మెట్ పెట్టుకోరు. మీరు పెట్టుకోండి, బిలే పట్టేటప్పుడు కూడా. పై నుంచి రాలే రాళ్లు ఎక్కువ, రింగు కింద పడే దూరమూ ఎక్కువ. ఎవరైనా నవ్వినా పట్టించుకోకండి. ఏ నియమంలోనూ హెల్మెట్ వద్దని రాసి లేదు.